మొలతాటి లెక్క

(నూజివీడులో డ్రిల్లు మాస్టారి స్మారకోపన్యాసం, ప్రసంగ పాఠం)

 

మాస్టారిని ఈ ఊళ్లో మనమెవ్వరం పేరుపెట్టి పిలిచి ఎరగం. డ్రిల్లు మాస్టారనే అన్నాం. ఇవాళ కూడా నేను అంతే అంటాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో లాయర్లున్నారు, తోటలు కౌలుకి తీసుకునేవాళ్లున్నారు, లారీలు తోలేవాళ్లున్నారు. నాలాగా ఆహారశాస్త్రం పాఠాలు చెప్పుకుని రిటైరైనవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడమన్నారు నిర్వాహకులు. ఏదైనా అనుకుంటే ఏదీ పట్టుకోలేమని చిన్న విషయం ఒకటి ఎంచుకున్నాను. కష్టపడి తగ్గించుకున్న బరువు మళ్లీ రాకుండా చూసుకోవడం, అదీ రోజూ కాటా ఎక్కకుండా. మాస్టారు 26 ఏళ్లపాటు చేసి చూపించిన పని అది. కాబట్టి ఈ విషయం మాట్లాడితే ఆయన గురించి మాట్లాడినట్టే.

30 ఏళ్ల నా ఉద్యోగంలో బరువు తగ్గడమెలా అని అడిగినవాళ్లు వందల మంది. తగ్గాక ఏం చెయ్యాలని అడిగినవాళ్లు నాకు పదిమంది కూడా గుర్తులేరు. మన ప్రాంతంలో తిండి పద్ధతులకు కొదవ లేదు. ఉప్పూ నూనే లేని వంట గురించి మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పగా విన్నాం. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ గారి విధానం ఇంటింటా నడిచింది. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, లీటర్లకొద్దీ నీళ్లు. ఆ తర్వాత ఖాదర్ వలీ గారి మాట మీద కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు మళ్లీ కిరాణా కొట్లోకి వచ్చాయి. వీటి మంచిచెడ్డలు తేల్చడానికి నేనిక్కడికి రాలేదు. నేను గమనించింది వేరే. ఏ పద్ధతి మొదలుపెట్టినా ఇంట్లోకి ముందుగా వచ్చింది గాజుపలక కాటా. పెళ్లిళ్లలో కుశల ప్రశ్న కూడా మారిపోయింది. "బాగున్నావా వదినా" అనేచోట "ఎన్ని కిలోలు తగ్గావు వదినా" అంటున్నారు. తగ్గినన్నాళ్లూ ఆ ప్రశ్న వినడానికి హాయిగానే ఉంటుంది. తగ్గడం ఆగిన రోజునుంచి అడిగేవాళ్లుండరు, చూపించడానికి మన దగ్గర అంకె ఉండదు. అసలు పని మొదలయ్యేది అక్కడే. ఆ పనికి మెచ్చుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. నాకు 43 ఏళ్లప్పుడు నాలుగు నెలల్లో 13 కిలోలు తగ్గాను. ఏ పద్ధతిలోనో చెప్పను, ఇప్పుడది అనవసరం. ఏడాదిన్నర తిరిగేసరికి 15 కిలోలు పెరిగాను. ఆ ఏడాదిన్నరలో నేను కాటా మానలేదని గుర్తుంచుకోండి. పొద్దున్నే ఎక్కేదాన్ని. అర కిలో పెరిగి కనబడితే ఆ పూట టిఫిన్ మానేసేదాన్ని. సాయంత్రం కళ్లు తిరిగేవి. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి గిన్నెలో ఉన్న పెరుగన్నం మొత్తం తినేదాన్ని. మర్నాడు మళ్లీ కాటా, మళ్లీ శిక్ష. పిల్లలకు పోషకాహారం పాఠం చెప్పే మనిషిని, నా కంచం ముందు నేను దోషిలా కూర్చునేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మీలో చాలామంది అలాంటి రోజుల్లోనే ఉన్నారని నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక వేసవిలో ఊరొచ్చి మాస్టారింటికి వెళ్లాను. నన్ను చూసి లావయ్యావని అనలేదు, తగ్గావని అంతకు ముందూ అనలేదు. వాళ్ల వసారా గుమ్మానికి, ఎడమ చేతివైపు దారబందానికి, రెండు మేకులున్నాయి. పైది కంటి ఎత్తున, కిందిది మోకాలికి కొంచెం పైన. పై మేకుకి నల్లతాడు ముక్క వేలాడుతోంది. చిన్నప్పుడు ఆ గుమ్మంలోంచి వందసార్లు వెళ్లాను గానీ ఆ మేకులు చూసిన గుర్తు లేదు. ఇవేమిటి మాస్టారూ అన్నాను.

48వ ఏట ఆయనకు షుగరు బయటపడింది. బరువు తగ్గించమన్నారు బెజవాడ డాక్టరుగారు. ఏడాదికి పైగా పట్టింది. మూడు పూటల అన్నం ఒక పూటకొచ్చింది, పొద్దున నడక కూడింది. చివరిసారి ఆసుపత్రి కాటా ఎక్కి 12 కిలోలు తగ్గానని తెలుసుకుని ఇంటికొచ్చి, మొలతాడు కోసం తెచ్చిన నల్లతాడు తీసి బొడ్డు మీదుగా నడుము చుట్టూ చుట్టి, రెండు కొసలూ కలిసినచోట కోశారు. ఆ తాడు పొడవుకి గుమ్మం మీద రెండు మేకులు కొట్టారు. తాడు సాగినా, చిరిగినా, పోయినా కొలత గుమ్మం మీద ఉండాలని. ఆ తర్వాత ఇంట్లోకి కాటా రాలేదు. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికోసారి దసరాకోసారి, స్నానం చేశాక ఆ తాడు తీసి చుట్టుకునేవారు. కొసలు కలిశాయా లేదా, అంతే చూసేవారు.

ఇంత చిన్న పని ఆయన్ని 26 ఏళ్లు నిలబెట్టిందంటే ముందు నేను నమ్మలేదు. తర్వాత చదువుకున్నకొద్దీ నమ్మకం కుదిరింది. ఎందుకో చెబుతాను. ముందు మీ మామిడికాయల సంగతితో మొదలుపెడతాను, అది నాకన్నా మీకే బాగా తెలుసు.

తెల్లవారుజామున చిక్కంతో కాయ దింపి, మధ్యాహ్నానికి నున్న మార్కెట్టుకు తోలితే కాటా దగ్గర ఎంత పోతుంది? తరుగు అంటాం. దారిలో లారీలోంచి కాయలు జారిపోలేదు, ఎవరూ తినలేదు. కాయలో నీళ్లు ఆవిరయ్యాయి. ఆ తరుగు చూసి ఈ ఏడు కాపు చెడిపోయిందని ఏ రైతూ అనుకోడు. మన ఒంట్లోనూ అంతే. రాత్రి పడుకునేటప్పటికీ తెల్లారి లేచేటప్పటికీ అర కిలో నుంచి కిలో దాకా తేడా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నీళ్లే. కొత్తావకాయతో రెండు పూటలు అన్నం తింటే ఆ ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, మర్నాడు కాటా పైకి పోతుంది. అది కొవ్వు కాదు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. దానిలో ప్రతి గ్రాముకూ దాదాపు 3 గ్రాముల నీళ్లు అంటుకుని ఉంటాయి. అన్నం మానేసిన మొదటి వారంలో ఆ నిలవ కరిగి నీళ్లు పోతాయి, మూడు కిలోలు తగ్గామని సంబరం. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే ఆ నీళ్లు తిరిగొస్తాయి, అంతా వృథా అయిపోయిందని ఏడుపు. రెండుసార్లూ కాటా అబద్ధం చెప్పలేదు. మనం అడగని ప్రశ్నకు జవాబిచ్చింది.

మనం అడగాల్సిన ప్రశ్న ఒంట్లో కొవ్వెంత, అదెక్కడుంది అని. ఈ విషయంలో భారతీయుల సంగతి ప్రత్యేకం. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తల ఫొటో వచ్చింది. ఒకరు పుణెలో పనిచేసే చిత్తరంజన్ యాజ్నిక్, రెండోవారు లండన్‌లో పనిచేసే జాన్ యుడ్కిన్. ఎత్తుకి తగ్గ బరువు లెక్క, బాడీ మాస్ ఇండెక్స్ అంటామే, అది ఇద్దరికీ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్నిక్ ఒంట్లో 21.2 శాతం. కాటా దృష్టిలో ఇద్దరూ సమానం. లోపల ఒకరి కొవ్వుకు రెండోవారిది రెండింతలకు పైన. సన్నగా కనబడుతూనే పొట్టలో కొవ్వు దాచుకోవడం మన ఒంటి తీరు. అందుకే మన దేశపు వైద్యులు నడుము కొలతకు విడిగా హద్దులు పెట్టారు. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. ఇంకా తేలిక లెక్క ఒకటుంది. నడుము చుట్టుకొలత మన ఎత్తులో సగం దాటకూడదు. బ్రిటన్‌లో ఆరోగ్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022లో ప్రజలకు ఈ లెక్కే చెప్పింది. దీనికి టేపు కూడా అక్కర్లేదు. పురికొస తీసుకుని అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలిచి కోయండి. సగానికి మడవండి. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య చుట్టండి, పొట్ట బిగబట్టకుండా, ఊపిరి వదిలాక. కొసలు కలిస్తే హద్దులో ఉన్నట్టు.

మాస్టారు పోయాక ఆయన భార్య, మన అమ్మగారి అనుమతితో ఆ మేకుల మధ్య దూరం కొలిచాను. 33 అంగుళాలన్నర. ఆయన ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, అంటే 68 అంగుళాలు. సగం 34. నైస్ సంస్థ చెప్పకముందే, ఏ లెక్కా వెయ్యకుండా, ఆయన ఆ హద్దుకి అర అంగుళం లోపల మేకు కొట్టుకున్నారు.

మొలతాడంటే మన ఇళ్లలో పుట్టిన బిడ్డ నుంచి పండు ముసలి దాకా మగవారి ఒంటి మీద ఉండే కొలత. బిగిస్తే వెంటనే తెలుస్తుంది, ఒరిస్తే తెలుస్తుంది. కాకపోతే అది తుంటి మీదికి జారి కూర్చుంటుంది, పొట్ట దాని మీదికి వాలుతుంది. అందుకే మాస్టారు ఒంటి మీది తాడుని నమ్మకుండా గుమ్మం మీది తాడు పెట్టుకున్నారు. ఆడవాళ్లకి ఇంకో కొలత ఉంది. జాకెట్టు. దర్జీలు లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదిలి రెండు మూడు కుట్లు వేస్తారు. బిగువైతే ఒక కుట్టు విప్పితే సరిపోతుంది. నేను రెండోసారి తగ్గినప్పుడు, ఈసారి రెండేళ్లు పట్టింది, జాకెట్లన్నీ సరిచేయించి ఆ మిగులు గుడ్డ కత్తిరించెయ్యమన్నాను. దర్జీ నా ముఖం చూశాడు. మళ్లీ అవసరమైతే ఎలాగమ్మా అన్నాడు. అవసరమైతే నాకు తెలియాలి బాబూ, జాకెట్టు సర్దుకుపోకూడదు అన్నాను.

తగ్గిన బరువు ఎందుకు తిరిగొస్తుందో చెప్పాలి. ఇది చెప్పకుండా కొలతల గురించి ఎంత చెప్పినా అన్యాయం, ఎందుకంటే పెరిగిన ప్రతివాళ్లూ తప్పు తమదేననుకుంటున్నారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఆయుధం పట్టబోమని చెప్పి సైన్యంలో చేరనివాళ్లు వాళ్లు, ఇష్టపడే వచ్చారు. 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే, వంట పుస్తకాలు చదువుకుంటూ కూర్చునేవాళ్లు. ఆ తర్వాత కావలసినంత తినమన్నాక కొందరికి కడుపు పగిలేలా తిన్నా ఆకలి తీరలేదు. పోయినదాంట్లో ముందు తిరిగొచ్చింది కొవ్వు, కండ వెనక వచ్చింది. రాత్రి వంటింట్లో నిలబడి పెరుగన్నం తిన్న నా సంగతి ఆ వివరాలు చదివినప్పుడు నాకు అర్థమైంది. నేను బలహీనురాలిని కాను. ఒళ్లు కరువొచ్చిందనుకుంది, గాదె నింపమంటోంది.

2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందికి 10 వారాలు అతి తక్కువ తిండి పెట్టి, ఏడాది తర్వాత వాళ్ల రక్తం పరీక్షించారు. ఆకలి పుట్టించే హార్మోన్ ఇంకా ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. ఏడాది గడిచినా ఒళ్లు మర్చిపోలేదు. అమెరికా టీవీలో బిగ్గెస్ట్ లూజర్ అనే బరువు తగ్గే పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. కదలకుండా కూర్చున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి, వాళ్ల ఒంటికి ఉండాల్సినదానికన్నా రోజుకు దాదాపు 500 క్యాలరీలు తక్కువగా ఉంది. ఈమధ్య వచ్చిన, బరువు తగ్గించే ఇంజెక్షన్లదీ అదే వరస. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని 2022లో తేలింది. వేగంగా తగ్గినవాళ్లందరూ మళ్లీ పెరుగుతారనో, నెమ్మదిగా తగ్గితే పెరగరనో నేను హామీ ఇవ్వను. వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మాస్టారు అంతకన్నా నెమ్మదిగా తగ్గారు. అది చాలు నాకు.

ఇక్కడ నా వాదనకు ఎదురొచ్చే సాక్ష్యం ఒకటి మీ ముందు పెట్టకపోతే మాస్టారు ఒప్పుకోరు. అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు, బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ల పేర్లు నమోదు చెయ్యడం మొదలుపెట్టారు. 13 కిలోలకు పైగా తగ్గి ఏడాది నిలబడితేనే అందులో చోటు. వేలమంది చేరారు. వాళ్లలో చాలామంది రోజుకు గంటసేపు నడక లాంటి శ్రమ చేస్తారు, పొద్దున టిఫిన్ మానరు. నలుగురిలో ముగ్గురు వారానికి ఒకసారైనా కాటా ఎక్కుతారు. అంటే కాటా వాళ్లకు పనికొచ్చింది. కాదనను. అంకె చూసి మనసు చెదరనివాళ్లు వారానికోసారి ఎక్కండి, మంచిదే. నాలాగా అంకె చూసి కంచం నెట్టేసేవాళ్లకు, ఆ తర్వాత గిన్నె ఖాళీ చేసేవాళ్లకు తాడే మేలు. గుండె జబ్బుకి, మూత్రపిండాల జబ్బుకి మందులు వాడేవాళ్లు డాక్టరు చెబితే రోజూ బరువు చూసుకోవాల్సిందే. డాక్టరు చెప్పినట్టు గర్భిణులూ బరువు చూసుకోవాల్సిందే. ఇంకో మాట. తగ్గాలని ఏ ప్రయత్నమూ చెయ్యకుండా మొలతాడు వదులైతే సంతోషించకండి, ఆసుపత్రికి వెళ్లండి. క్షయ, షుగరు, ఇంకా పెద్ద జబ్బులు ముందు అలాగే తెలుస్తాయి.

ఇప్పుడు మన కాలానికొస్తాను. మామిడికాయల కాలానికి.

జిల్లా పేరు 2022లో ఏలూరైంది గానీ మన నోట్లో రసం మారలేదు. బెజవాడలో ఆహార సలహా చెప్పేవాళ్లు మామిడిపండు జోలికి పోవద్దని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నూజివీడు మనిషికి ఆ సలహా ఎందుకూ కొరగాదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ప్రతి ఇంట్లో మంచాల కింద గడ్డిలో కాయ మాగుతుంటుంది. చుట్టాలొస్తారు, బుట్టలు తెస్తారు. పెళ్లిళ్లు ఆ నెలల్లోనే. ఏడాదిలో ఈ నెలలకు పనికిరాని పద్ధతి ఇక్కడ ఏడాది మొత్తానికీ పనికిరాదు.

మాస్టారు రసం మామిడి తినేవారు. షుగరున్నవాళ్లు ఆయన్ని చూసి మొదలుపెట్టకండి, మీ డాక్టర్ని అడగండి, ఆయనా అడిగే తిన్నారు. ఆయన తినే తీరు చెబుతాను. చిన్నరసం ఒక్కటి. భోజనం మధ్యలో, అన్నం తగ్గించి. 100 గ్రాముల మామిడి గుజ్జులో దాదాపు 60 క్యాలరీలుంటాయి, 100 గ్రాముల అన్నంలో 130 దాకా. చిన్నరసం ఒకటి పిండితే వచ్చేది గరిటెడన్నానికి సమానం. ఆ గరిటెడన్నం ఆయన పెట్టించుకునేవారు కాదు. కాయని చేతుల్లో తిప్పుతూ నలుమూలలా మెత్తగా నలిపి, తొడిమ తీసి, సొన పిండేసి, పీచు తెల్లబడేదాకా చీకేవారు. పది నిమిషాలు పట్టేది. అదే నాలుగు కాయలు గిన్నెలో పిండుకుని పెరుగన్నంలో కలిపితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, కడుపు నిండిన సమాచారం మెదడుకి ఇంకా అందదు. రసం కాయని చీకి తినే పండుగా దేవుడిచ్చాడమ్మా, తాగే పండుగా ఇవ్వలేదు అనేవారు. బంగినపల్లి ముక్కలు ఆయనింట్లో పిల్లలకీ, వచ్చినవాళ్లకీ. తను రసంతో సరి. కొత్తావకాయ రోజున మాత్రం అమ్మగారు కలిపిన మొదటి ముద్ద, నెయ్యి వేసుకుని, తృప్తిగా తినేవారు. ఆ పూట లెక్క చూసుకునేవారు కాదు.

రోహిణి కార్తెలో తాడు చుడితే కొసలు కలిసేవి కావట. రెండు వేళ్ల ఎడం వచ్చేదట. నేను ఆశ్చర్యపోయింది ఇక్కడే. అప్పుడేం చేసేవారు మాస్టారూ అన్నాను. అప్పుడసలు చుట్టుకోనే చుట్టుకోనమ్మా, మొదటి రెండేళ్లలో చుట్టుకుని చూశాను, అనవసరంగా మనసు పాడైంది, దసరాకి చూసుకుంటాను అన్నారు. మృగశిర వచ్చి వానలు పడ్డాక రెండో పూట జొన్నరొట్టె, కూర. తోటలో దున్నకాలు, పాదులు. దసరాకి కొసలు కలిసేవి. ఏ ఏడైనా కలవకపోతే సంక్రాంతి దాకా సాయంత్రపు తిండి ఇంకాస్త ముందుకు జరిగి, ఇంకాస్త తగ్గేది. నెలల పని. మామిడి చెట్టు ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు చాలామట్టుకు ఆగుతుందని మనకు తెలుసు. ఆగిన ఏడు చెట్టు ఊరుకోదు, కొమ్మలో బలం కూడబెట్టుకుంటుంది. చెట్టు లెక్క రెండేళ్లది. ఒంటి లెక్క కనీసం ఆర్నెల్లది. కాటా లెక్క రాత్రికీ పగలుకీ మధ్యది. ఈ మూడో లెక్కతో రెండోదాన్ని కొలవబోయి నేను ఏడాదిన్నర పాడుచేసుకున్నాను.

మన ఊళ్లో వీణలు చేసేవాళ్లున్నారు. పనసకర్ర చెక్కి, దండి మీద 24 మెట్లు మైనంలో కూర్చి, చెవితో విని ఒక్కొక్కటీ నిలుపుతారు. ఎండలకు మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది, స్వరం తప్పుతుంది. మళ్లీ సరిచేస్తారు. మెట్టు జరిగినంత మాత్రాన వీణ పాడైపోయిందని ఎవరూ అనరు, ఒంటినీ అలాగే చూడాలి.

జొన్నరొట్టె అన్నాను కదా, దాని గురించి ఒక్క మాట. ఇది మెట్ట ప్రాంతం. కాలవ కింద ఉన్న డెల్టా వాళ్లలాగా మన తాతలు మూడు పూటలా వరన్నం తిన్నవాళ్లు కారు. జొన్న తిన్నారు, పండగకి వరి తిన్నారు. 1983లో ఎన్.టి. రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు. ఆకలి తీర్చిన పథకం, చేతులెత్తి మొక్కాల్సిన పథకం. ఆకలి తీరాక కూడా కంచంలో అన్నం గుట్ట అలాగే ఉండిపోయింది, పొలంలో పని ట్రాక్టరుకి పోయింది. మాస్టారు రెండో పూటకు జొన్నలు తిరిగి తెచ్చుకోవడంలో కొత్త సిద్ధాంతమేమీ లేదు. వాళ్లమ్మ చేసిన రొట్టెనే ఆయన మళ్లీ తిన్నారు.

తాడు కాక ఆయన చూసుకున్నవి ఇంకో రెండున్నాయి. ఒకటి నేల మీద సక్లముక్లం వేసుకు కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవడం. బంతి భోజనాలు పోయి బల్లల మీదికి మారాక మనం ఈ పని మర్చిపోయాం. బ్రెజిల్ వైద్యుడు క్లాడియో అరౌజో 50 దాటిన రెండు వేలమందిని ఇలాగే కూర్చోబెట్టి లేపి, తేలిగ్గా లేవగలిగినవాళ్లు తర్వాతి ఏళ్లలో ఎక్కువమంది బతికున్నారని 2012లో ప్రకటించాడు. తిండి తగ్గించి బరువు తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కాటాకి రెండూ ఒకటే. నేల మీద నుంచి లేచే మోకాలికి ఒకటి కాదు. అందుకే తగ్గాక పప్పు, పెరుగు, గుడ్డు తగ్గించకూడదు, బరువులెత్తే పని మానకూడదు. మాస్టారు 70 దాటాక కూడా నీళ్ల బిందె తనే మోసేవారు.

రెండోది ఆగిరిపల్లి శోభనాచలం కొండ మెట్లు. నెలకోసారి ఎక్కేవారు. మొత్తం ఎక్కడానికి ఎంతసేపు పట్టిందని చూసుకునేవారు కాదు. మొదటిసారి ఊపిరందక ఎక్కడ ఆగాల్సి వచ్చిందో ఆ చోటు గుర్తు పెట్టుకునేవారు. ఆ చోటు పైకి జరిగితే నడక సరిపోతోందని, కిందికి జరిగితే నడక తగ్గిందని. చివరి రెండేళ్లూ ఆ చోటు కిందికి జరుగుతూ వచ్చిందని ఆయనే నాతో చెప్పారు. విచారంగా చెప్పలేదు. ఇంత దూరం వచ్చానని చూపించినట్టు చెప్పారు.

మాస్టారికి కోపం రావడం ఒక్కసారే చూశాను. కాలేజీలో చదివే మనవరాలు సెలవులకొచ్చి రెండు రోజులుగా సరిగా తినడం లేదని తెలిసినప్పుడు. హాస్టల్లో అమ్మాయిలంతా కాటా కొనుక్కున్నారు, రోజూ అంకెలు పోల్చుకుంటున్నారు. ఆ పిల్లకు తగ్గాల్సిన బరువే లేదు. మాస్టారు ఆ పిల్లని తోటలోకి తీసుకెళ్లారు. కాయ ముదిరిందో లేదో ఎలా చూస్తారో చూపించారు. భుజాలు లేచాయా, తొడిమ దగ్గర గుంట పడిందా, నీళ్లలో వేస్తే మునిగిందా. తూకం వేసి ముదురు చెప్పేవాణ్ని నేను నా ఆయుష్షులో చూడలేదమ్మా అన్నారు. ఆ పిల్ల ఇవాళ ఈ సభలోనే ఉంది. ఈ సంగతి చెప్పడానికి తనే ఒప్పుకుంది.

అమ్మాయిల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ పిల్లల ముందు మీ బరువు గురించి విసుక్కోకండి. పెళ్లిచూపుల మాటల్లో కిలోలు తేకండి. ఇది సలహా కాదు, వేడుకుంటున్నాను.

మొన్న అమ్మగారింటికి వెళితే గుమ్మాలకి రంగులు వేయిస్తున్నారు. పనివాళ్లు ఆ మేకులు పీకేసి లప్పం పెడతామంటే అమ్మగారు వద్దన్నారట. మేకుల చుట్టూ జాగ్రత్తగా రంగు వేశారు. పై మేకుకి తాడు లేదు. అది ఆయనతో వెళ్లిపోయింది. నా తాడు నా సంచీలో ఉంది, ఈ ఉగాదికి కొసల మధ్య రెండు వేళ్ల ఎడముంది, దసరా దాకా సమయముంది.

రేపు ఆదివారం. పొద్దున 6 గంటలకి శోభనాచలం మెట్ల మొదట్లో ఉంటాను. వచ్చేవాళ్లు నీళ్లు తెచ్చుకోండి. పురికొస ఉండ నేను తెస్తాను, ఎవరి ఎత్తుకి వాళ్లకి కోసిస్తాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కక్కర్లేదు, కిందే కూర్చుని మాట్లాడుకుందాం.